అభిప్రాయానికి మార్కులు వేయొచ్చా?

హాఫ్ ఇయర్లీ పరీక్షలకు నెల ముందు మా తెలుగు సార్ తరగతిలో ఒక వ్యాసం రాయమన్నారు. అంశం బోర్డు మీద రాశారు: "తమిళనాడులో ఉండే తెలుగు పిల్లలకు తమిళం తప్పనిసరి చెయ్యొచ్చా?" దాని కింద, ఎవరి అభిప్రాయం వాళ్లు రాయవచ్చు అని కూడా రాశారు. పది మార్కులు.

నేను చెయ్యకూడదని మూడు పేజీలు రాశాను. నా పక్కన కూర్చునే స్నేహితుడు చెయ్యొచ్చని ఒకటిన్నర పేజీ రాశాడు. పేపర్లు తిరిగి ఇచ్చినప్పుడు చూస్తే నాకు నాలుగు, వాడికి ఎనిమిది. నా మూడో పేజీలో చివరి పేరా పక్కన ఎర్ర సిరాతో "నగరిలో?" అని ఒక్క మాట ఉంది. అదేమిటో నాకు అర్థం కాలేదు. అక్షరదోషాలు కూడా లేవు.

నాకు బాగా కోపం వచ్చింది. మార్కులు తగ్గినందుకు కాదు అని రాద్దామనుకున్నాను, కానీ అబద్ధం ఎందుకు, అందుకు కూడా. బెల్లు కొట్టాక సార్ దగ్గరికి వెళ్లి అడిగాను. "సార్, లెక్కల్లో తప్పు చేస్తే మార్కులు తీసేయొచ్చు. అభిప్రాయం తప్పు ఎట్లా అవుతుంది? ఎవరిది వాళ్లదే అని మీరే రాశారు కదా."

సార్ నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "మంచి ప్రశ్న అడిగినావు. అభిప్రాయాల్లో మంచివీ చెడ్డవీ ఉంటాయా లేదా అని రాసుకోని రా. పత్రికకి ఇద్దాం" అన్నారు. అట్లా మొదలైంది ఈ వ్యాసం. మొదట ఉండవు అని రాద్దామని కూర్చున్నాను. రెండు వారాలయ్యాక చూస్తే ఇట్లా వచ్చింది.

మొదట నేను ఆలోచించింది మా ఇంటి సంగతి. మా చెల్లెలికి ఇడ్లీ అంటే ఇష్టం. నాయనకు రాగి సంగటి లేకపోతే అన్నం తిన్నట్టు ఉండదు. ఇద్దరిలో ఎవరి అభిప్రాయం మంచిది అని అడిగితే అడిగినవాళ్లనే చూసి నవ్వుతారు. ఇది నాలుక సంగతి. దీనికి మార్కులు లేవు.

ఇంకో రకం ఉంది. మా తిరుత్తణి కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి గుడికి 365 మెట్లు, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. అన్ని ఉండవు అని ఎవరైనా అంటే, అది నా అభిప్రాయం అని తప్పించుకోవడానికి లేదు. ఎక్కి లెక్కపెట్టుకోవాలి. (నేనూ నా స్నేహితుడూ ఒకసారి లెక్కపెట్టాం. సగంలో వాడు మజ్జిగ కొనడానికి ఆగాడు, లెక్క తప్పింది. దాని వల్ల మెట్లేమీ తగ్గలేదు.) ఇది కూడా సులభమే. ఇక్కడ ఉండేది ఒప్పు, తప్పు.

కష్టం మూడో రకంతో వస్తుంది. తమిళం తప్పనిసరి చెయ్యాలా, వద్దా. ఫలానా ఊరు ఏ రాష్ట్రంలో ఉండాలి. చెల్లెల్ని ఏ బడిలో చేర్పించాలి. ఇవి నాలుక మీద తేలేవి కావు, మెట్లు ఎక్కి లెక్కపెట్టేవీ కావు. మనం వీటిని కూడా మొదటి రకంలో వేసేసి, "ఎవరి అభిప్రాయం వాళ్లది" అని చెయ్యి దులుపుకుంటాం. నేను సార్‌తో చేసింది అదే. కానీ ఇడ్లీ నాకు నచ్చకపోతే నేను తినడం మానేస్తాను, అంతే. తమిళం తప్పనిసరి అనే అభిప్రాయం చట్టమైతే అది అందరి పిల్లల మీదా పడుతుంది. ఇంకొకరి మీద పడేదాన్ని పట్టుకుని ఇది నా సొంత విషయం, ఎవరూ అడక్కూడదు అంటే ఎట్లా?

ఈ మూడో రకం గురించి ఆలోచించడానికి మా ఊరి కంటే మంచి చోటు లేదేమో. తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. మా తిరుత్తణి ఆ జిల్లాలోదే. అప్పుడంతా ఒకే మద్రాసు రాష్ట్రం కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ప్రాణాలు వదిలారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. చిత్తూరు జిల్లాతో పాటు తిరుత్తణి ఆంధ్రలోకి పోయింది. ఇది తమిళుల ఊరు, మాకు ఇవ్వాలి అని మా.పొ.శివజ్ఞానంగారు ఉత్తర సరిహద్దు పోరాటం నడిపారు. చివరికి రెండు రాష్ట్రాలూ ఒప్పుకుని హెచ్.వి.పటాస్కర్‌గారిని మధ్యవర్తిగా పెట్టుకున్నాయి. 1959లో పార్లమెంటు చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. చెంగల్పట్టు జిల్లాలో ఉన్న సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు పోయింది.

మా అవ్వకు అప్పుడు పదేళ్లు. ఆ రోజు వాళ్ల అన్న బజారు నుంచి వచ్చి, మనం ఇప్పుడు ఆంధ్రా కాదు మద్రాసు అని చెబితే, ఏప్రిల్ ఫూల్ చేస్తున్నాడని ఎవరూ నమ్మలేదంట. ఈ మాట అవ్వ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆ రోజుల్లో రెండు వైపులా చెప్పిన వాదనలు సార్ ఇచ్చిన పుస్తకాల్లో చదివాను. చదువుతుంటే ఒక తమాషా కనబడింది. మన తెలుగువాళ్లు "మద్రాస్ మనదే" అన్నారు. ఎందుకంటే 1639లో ఆ నేల ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చింది తెలుగు నాయకుడైన దామర్ల వెంకటాద్రి నాయకుడు. చెన్నపట్నం అనే పేరు ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీద వచ్చింది. బాగుంది. అయితే మద్రాసులో ఎక్కువమంది మాట్లాడేది ఏ భాష అని అడిగితే తమిళం. అందుకని అక్కడ మనవాళ్లు జనం లెక్క ఎత్తకుండా చరిత్ర ఎత్తారు.

తమిళుల వైపు చూడండి. తిరుపతి మాది అన్నారు. ఎందుకంటే తొల్కాప్పియం అనే చాలా పాత తమిళ వ్యాకరణ గ్రంథం పీఠికలో తమిళ నేలకు ఉత్తరపు హద్దు వెంగడం కొండ అని ఉంది. అది కూడా నిజమే. కానీ తిరుపతిలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు. అందుకని అక్కడ వాళ్లు జనం లెక్క వదిలి పాత పుస్తకం పట్టుకున్నారు. మద్రాసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, జనంలో ఎక్కువమంది తమిళులు కాబట్టి నగరం మాది అన్నారు. మనవాళ్లు తిరుపతిలో చెప్పింది కూడా ఈ జనం లెక్కే.

అంటే ఇద్దరి చేతుల్లోనూ రెండేసి కొలబద్దలు ఉన్నాయి. ఏ ఊళ్లో ఏది పొడుగు చూపిస్తే అది బయటికి తీశారు. వాళ్లు చెప్పిన సంగతుల్లో అబద్ధం లేదు. దామర్ల నాయకుడు నిజం, తొల్కాప్పియం నిజం. సంగతులన్నీ నిజమై కూడా అభిప్రాయం చెడ్డది కావచ్చు అని నాకు మొదటిసారి ఇక్కడే తెలిసింది. పెద్దవాళ్లు, త్యాగాలు చేసినవాళ్లు, జైళ్లకు పోయినవాళ్లు. వాళ్లను తక్కువ చేసి మాట్లాడే అర్హత నాకు లేదు. కానీ కొట్టులో కొనేటప్పుడు ఒక తూకపురాయి, అమ్మేటప్పుడు ఒక తూకపురాయి వాడితే మా వీధిలో ఏమంటారో అందరికీ తెలుసు.

పటాస్కర్‌గారు చేసిన పని ఏమిటంటే రెండు వైపులకీ ఒకే కొలబద్ద పెట్టారు. గ్రామాన్ని ఒక యూనిట్‌గా తీసుకున్నారు. ఆ గ్రామంలో ఎక్కువమంది ఏ భాష మాట్లాడుతున్నారు, ఆ గ్రామం ఆ భాష రాష్ట్రానికి ఆనుకొని ఉందా అని చూశారు. తెలుగు గ్రామమైనా తమిళ గ్రామమైనా అదే ప్రశ్న. ఆయన తీర్పు వల్ల మేం ఈ పక్కకు వచ్చాం. చిన్నప్పుడు అది విని నాకు బాధగా ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఫలితం నచ్చకపోయినా తీర్పు మంచిదే అనిపిస్తోంది. నాకు నచ్చడం వేరు, అది మంచిది కావడం వేరు.

ఇంత రాశాక నా పాత వ్యాసం మళ్లీ తీసి చదివాను. అప్పుడు అర్థమైంది ఎర్ర సిరా.

మొదటి పేజీలో నేను రాసింది ఇది: తమిళనాడు ప్రభుత్వం 2006లో చట్టం చేసి ఒకటి నుంచి పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేసింది. ఒకటో తరగతిలో మొదలై ఏడాదికి ఒక తరగతి చొప్పున పైకి వచ్చి 2015-16లో పదో తరగతికి చేరింది. అప్పుడు తెలుగు, కన్నడం, ఉర్దూ, మలయాళం పిల్లలు చదివే బడుల నుంచి కోర్టుకు పోయారు. హైకోర్టూ ఆ తర్వాత సుప్రీంకోర్టూ ఆ పిల్లలకు పదో తరగతి తమిళ పరీక్ష నుంచి మినహాయింపులు ఇచ్చాయి. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు సొంత బడులు పెట్టుకునే హక్కు ఇచ్చింది, 350-ఎ అధికరణం చిన్న తరగతుల్లో మాతృభాషలో చదువు చెప్పాలని చెప్పింది. ఒక మనిషి ఏ రాష్ట్రంలో ఉన్నా తన భాష తనదే. గీత ఎక్కడ గీసినా పిల్లల నోట్లో భాష మారదు. ఇదంతా బాగానే రాశాను, ఇప్పుడు చదివినా బాగుంది.

మూడో పేజీ చివర్లో ఉత్సాహం ఎక్కువైంది. మా మేనత్త వాళ్లది నగరి వైపు. ఇక్కడ బస్సెక్కితే అంత దూరం కూడా కాదు. వాళ్ల వీధిలో తమిళ కుటుంబాలు ఉన్నాయి. ఆ పిల్లలు తమిళ మీడియంలో చదువుతారు. దాని గురించి నేను ఏం రాశానంటే, అక్కడ ఉంటూ ఇంకా తమిళంలో చదవడం ఏమిటి, ఆంధ్రలో ఉన్నప్పుడు అందరూ తెలుగే చదవాలి, అది మన రాష్ట్రం అని.

పుట్టింది ఇక్కడ, పెరిగింది ఇక్కడ, మా రేషన్ కార్డు తమిళనాడుది. "మన రాష్ట్రం" అని రాశాను. నా చేతిలో కూడా రెండు కొలబద్దలు ఉన్నాయి. దామర్ల నాయకుడి గురించీ తొల్కాప్పియం గురించీ పెద్దగా రాశాను కదా, వాళ్లకు పెద్ద పట్నాలూ పుణ్యక్షేత్రాలూ పోతాయేమో అనే భయమైనా ఉండింది. నాకు పోయేది ఏమీ లేదు. ఊరికే రాశాను.

మళ్లీ సార్ దగ్గరికి వెళ్లాను. ఎర్ర సిరా అర్థమైంది సార్ అన్నాను. కానీ ఇంకో అనుమానం కూడా అడిగేశాను. "మీరు తమిళం చదవాలనే పక్షం కదా సార్, అందుకే వాడికి ఎనిమిది వేశారని అందరూ అంటున్నారు." అందరూ అనడం లేదు, నేనే అంటున్నాను. సార్‌కు అది తెలిసిపోయింది.

"ఎవరు చెప్పినార్రా? ఈ విషయంలో నా అభిప్రాయమూ నీదే. నేర్పించాలి గానీ పరీక్ష పెట్టి ఫెయిల్ చెయ్యకూడదు అనేదే నేను ఎప్పుడూ చెప్పేది. నా అభిప్రాయాన్నే తీసుకోని ఇంత అధ్వాన్నంగా రాస్తివే అని నాకు కడుపు మండె" అన్నారు.

తర్వాత స్నేహితుడి పేపరు చదవమన్నారు. వాడు మా బడిలో చదివి వెళ్లిన అన్నలు ఇద్దరిని వెళ్లి అడిగి రాశాడు. ఒకతను ఐటీఐలో చేరితే పాఠం అర్థమవుతుంది గానీ తమిళంలో రాసుకోవడం రాలేదట. ఇంకొకతనికి ఏ ఇబ్బందీ రాలేదట. తన వాదనకు పనికిరాని ఆ రెండో అన్న మాట కూడా వాడు దాచకుండా రాశాడు. ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో ఆంధ్ర నుంచి వచ్చి చేరిన పిల్లలకు తమిళం తప్పనిసరి అంటే అన్యాయం అవుతుంది, దీనికి నా దగ్గర జవాబు లేదు అని చివర్లో రాసి ఆపేశాడు. జవాబు లేదని రాస్తే కూడా మార్కులు వేస్తారా అన్నాను. లేనిది లేదని చెప్పినాడు కదా అన్నారు సార్.

ఆ సాయంత్రం సార్ ఒక కథ చెప్పారు. మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు పుట్టింది తిరుత్తణిలో, 1888 సెప్టెంబర్ 5న. ఉపాధ్యాయ దినోత్సవం వచ్చినప్పుడల్లా మేం ఆయన మీద ప్రసంగాలు చేస్తాం, అన్నీ ఒకేలా ఉంటాయి. ఈ కథ ఏ ప్రసంగంలోనూ రాలేదు. ఆయన మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎం.ఏ. చదివేటప్పుడు, వేదాంతంలో నీతికి చోటు లేదు అని మిషనరీలు విమర్శించేవారు. ఆ విమర్శకు జవాబుగా ఆయన 1908లో వేదాంతం చెప్పే నీతి మీద సిద్ధాంత వ్యాసం రాశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై. ఆ పేపరు చూడబోయే ప్రొఫెసర్ ఏ.జి.హాగ్‌గారు కూడా మిషనరీయే. ఆయనకు కోపం వస్తుందేమో అని రాధాకృష్ణన్‌గారు భయపడ్డారు. హాగ్‌గారు దాన్ని చదివి, ఈ విద్యార్థికి తత్త్వశాస్త్రం బాగా పట్టుబడింది, చిక్కు వాదనను సులువుగా నడపగలడు అనే అర్థం వచ్చేటట్టు మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం ఇచ్చారు. తన మతం వాళ్ల మాటను కాదన్న వ్యాసానికి ఆయన మార్కులు ఎట్లా వేయగలిగారు? అభిప్రాయం ఏ ఒడ్డున తేలింది అని కాకుండా, ఎట్లా ఈదుకుంటూ వచ్చింది అని చూశారు కాబట్టి.

ఇక్కడికి వ్యాసం అయిపోవాలి. సార్ కూడా అయిపోయిందనే అనుకున్నారు. కానీ నాకు ఇంకో సందేహం వచ్చింది, అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

బాగా వాదిస్తే చాలా? బాగా ఈది తప్పు ఒడ్డుకు చేరేవాళ్లు లేరా? కందుకూరి వీరేశలింగం పంతులుగారి పాఠం మనకు ఉంది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం చేయించారు. వధువు గౌరమ్మ చిన్నపిల్ల. అలాంటి పెళ్లి చెల్లుతుందని చట్టం 1856లోనే వచ్చింది, అంటే అప్పటికే పాతికేళ్లయింది. చట్టం ఒప్పుకున్నా జనం అభిప్రాయం ఒప్పుకోలేదు. పెళ్లికి వెళ్లినవాళ్లను వెలివేశారు. ఆయన్ను ఎదిరించినవాళ్లు చదువు లేనివాళ్లు కారు. పెద్ద పెద్ద పండితులు. శ్లోకాలు చూపించి వాదించేవారు. పంతులుగారు కూడా శాస్త్రాలు చూపించే జవాబు చెప్పారు. వాదనకు మాత్రమే మార్కులు వేస్తే ఆ పండితులకు కూడా ఎనిమిదికి తక్కువ రాదు. కొలబద్ద కూడా వాళ్లకు ఒకటే, శాస్త్రం. మరి వాళ్ల అభిప్రాయాన్ని మనం ఇప్పుడు ఎందుకు చెడ్డది అంటున్నాం?

నేను చాలాసేపు ఆలోచించి పట్టుకున్నది ఒక్కటే. ఆ అభిప్రాయం ఎవరి నెత్తిన పడుతుందో ఆ పిల్లను వాళ్లు అడగలేదు. పదేళ్లకో పన్నెండేళ్లకో భర్త పోయి, మిగిలిన బతుకంతా మూలన కూర్చోవాల్సిన పిల్ల. వాళ్ల శ్లోకాలన్నింటిలోనూ ఆ పిల్ల ఒక ఉదాహరణ మాత్రమే. సార్‌తో ఈ మాట అంటే, "అయితే అడిగితే చాలా? ఆ పిల్లకే ఇష్టం లేదంటే? అట్లనే పెంచారు కదా" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. (స్నేహితుడి దగ్గర నేర్చుకున్నాను, లేనిది లేదని రాస్తున్నాను.) అడిగితే చాలదేమో. కానీ అడగకుండా చెప్పిన అభిప్రాయానికి నేనైతే సగం మార్కులు తీసేస్తాను.

అయితే ఆ రోజుల్లో మార్కులు వేసింది వెలివేసినవాళ్లే కదా, వీరేశలింగంగారికి సున్నా వేశారు కదా, అందుకే అభిప్రాయాలకు మార్కులు వేయకూడదు అని నా స్నేహితుడు అన్నాడు. ఇప్పుడు వాడు నా పాత పక్షంలోకి వచ్చాడు, తమాషా చూడండి. నేను అన్నాను, పేపరు తప్పుగా దిద్దితే రీవాల్యుయేషన్ అడుగుతారు గానీ పరీక్షలే తీసేయమని అడుగుతారా? అసలు మంచీ చెడ్డా లేవు అంటే ఆ వెలివేసినవాళ్లు చేసింది తప్పు అని కూడా మనం అనలేం. అది వాళ్ల అభిప్రాయం అని ఊరుకోవాలి. గౌరమ్మ ముందు నిలబడి ఆ మాట అనడం నావల్ల కాదు.

ఇది రాస్తుంటే మా అమ్మ పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతోంది. ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లను అడగాలి అని పెద్దగా రాశాను కదా, నేను ఎవరిని అడిగాను అని అప్పుడు తట్టింది. మా అమ్మ తెలుగు మీడియంలో ఎనిమిది దాకా చదివింది. తమిళం గడగడా మాట్లాడుతుంది, బజారులో ఎవరూ ఆమెను తెలుగామె అనుకోరు. కానీ చదవడం రాదు. తిరుత్తణి బస్టాండులో బస్సు వస్తే పక్కనవాళ్లను "ఇది ఎక్కడికి పోతుంది" అని అడుగుతుంది. ఎన్నోసార్లు నేను పక్కన ఉండి విన్నాను, ఒక్కసారి కూడా వినలేదు. మూడు పేజీల వ్యాసంలో మా అమ్మ లేదు.

"నీకు చిన్నప్పుడు తమిళం తప్పనిసరి చేసుంటే బాగుండేదా అమ్మా?" అని అడిగాను.

"బాగుండేదే. ఆసుపత్రి చీటీ నేనే చదువుకుంటా ఉంటి" అంది. కాసేపు ఆగి, "ఫెయిల్ అయ్యుంటే మాత్రం మా నాయన ఆరుతోనే మాన్పించేసుండేవాడు" అంది.

ఒకే మనిషి, రెండు పేపర్లకూ పనికొచ్చే సాక్ష్యం. నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. పరీక్ష పెట్టి పైతరగతికి పోనివ్వకుండా ఆపకూడదనే అంటాను. కానీ ఇంతకుముందు దాన్ని నాకు పట్టిన పంతం కోసం అనేవాణ్ణి. ఇప్పుడు అమ్మ చెప్పిన రెండో మాట కోసం అంటాను. మొదటి మాట కోసం రాత్రుళ్లు అమ్మకు తమిళ అక్షరాలు చూపిస్తున్నాను. నాదీ అంత గొప్ప తమిళం కాదు. ழ దగ్గర ఇద్దరం ఆగిపోతున్నాం. నగరి సంగతి వ్యాసంలోంచి కొట్టేశాను. మేనత్త వాళ్ల వీధిలో పిల్లలు తమిళంలోనే చదువుకోనీ. నేను ఇక్కడ తెలుగులో చదువుకుంటున్నట్టే.

ఇక మా ఇంట్లో ఇంకో అభిప్రాయం నడుస్తోంది. చెల్లెలు వచ్చే ఏడాది ఆరులోకి వస్తుంది. తెలుగు మీడియం వద్దు, ఇంగ్లీషు మీడియంలో వెయ్యాలి అని నాయన అంటున్నారు. నాయన మగ్గం మీద పని చేస్తారు. తెలుగు మీడియం చదివి నేను ఏం బాగుపడ్డాను అంటారు. చిన్నాయన, అట్లా అందరూ పోతే బడి మూతపడుతుంది, ఇంత పోరాడి నిలుపుకున్న బడి అంటాడు. చిన్నాయన పిల్లలు ఇద్దరూ ఇంగ్లీషు మీడియమే. అది ఎవరూ ఎత్తరు. వెనుక అయితే నేనే అందరి ముందూ ఎత్తి గొడవ చేసేవాణ్ణి. ఇప్పుడు, ఎర్ర సిరా నా పేపరు మీద కూడా పడింది కాబట్టి, ఊరుకున్నాను. కానీ నాయన చెప్పేదాంట్లో నిజం ఉంది. ఫీజు కట్టేది ఆయన. చిన్నాయన చెప్పేదాంట్లో కూడా నిజం ఉంది, చెప్పే మనిషి ఎవరైనా సరే.

మొన్న రాత్రి ఇద్దరూ గట్టిగా మాట్లాడుకుంటుంటే నేను మధ్యలో, "చెల్లెల్ని అడిగారా?" అన్నాను. ఇద్దరూ నా వైపు చూశారు. చిన్నపిల్ల, దానికేం తెలుసు అన్నారు నాయన. అయినా పిలిచి అడిగారు.

చెల్లెలు కొంచెంసేపు ఆలోచించి, "నేను పోతే నా బెంచీలో ఇంకెవరు కూర్చుంటారు?" అంది.

దానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఏప్రిల్ దాకా టైముంది, చూద్దాం అన్నారు నాయన.